మైట్స్‌కి టీకా వేయిద్దాం అనుకుంటున్నారా? ముందు గూడు చూడండి

కొక్కెర తెగులుకి వేసినట్టే మైట్స్‌కి (కోళ్ల రక్తం తాగే సన్నటి పురుగులు) కూడా ఓ టీకా వేసేస్తే అయిపోతుంది కదా అని గుడ్ల కోళ్లు పెంచేవాళ్లు చాలామంది అడుగుతారు, కానీ వీటిలో రెడ్ మైట్ అనే రకానికి అలా కొనుక్కొచ్చి వేసే టీకా మార్కెట్లో లేదండి. పరిశోధనలైతే నడుస్తున్నాయి, కోడి రక్తంలో యాంటీబాడీలు తయారుచేయిస్తే ఆ రక్తం తాగిన మైట్ దెబ్బతింటుందని ఐడియా.

అసలు చిక్కేంటంటే ఈ రెడ్ మైట్ కోడి మీద కాపురం ఉండదు. పగలంతా పగుళ్లలో, కర్రల సందుల్లో దాక్కుని రాత్రి వచ్చి గంటలోపు తాగేసి వెళ్లిపోతుంది. అందుకే పగలు కోడిని ఎంత వెతికినా కనపడదు. కోడి తల మీది ఎర్ర జుట్టు పాలిపోవడం, గుడ్లు తగ్గడం, పెంకు మీద రక్తపు చుక్కలు, చీకటిపడ్డా గూట్లోకి వెళ్లనని మొరాయించడం, ఇవి చూస్తే అనుమానించండి. రాత్రి టార్చ్ వేసుకుని కోళ్లు కూర్చునే కర్ర అడుగున తెల్ల టిష్యూతో తుడవండి, ఎర్ర మరకలు పడితే ఇక డౌట్ లేదు. కోడి మీదే మలద్వారం చుట్టూ ఈకలు నల్లగా మురికిపట్టినట్టు ఉంటే అది వేరే రకం మైట్, దానికి కోడికే మందు పట్టాలి.

ఇప్పుడు పని. కోళ్లని బయటికి తోలి పాత గడ్డి, చెత్త మొత్తం తీసి దూరంగా పారేయండి, కర్రలు ఊడదీసి సందులన్నీ గీకి వేడి ఆవిరి పట్టించండి, బాగా ఆరాక డయాటమ్ మట్టి పొడి (పురుగు ఒంట్లో తడి పీల్చి చంపేది) సందుల్లో కూరండి. తడిస్తే అది పనిచేయదు, చల్లేటప్పుడు మాస్క్ మర్చిపోవద్దు.

ఒక్కసారి చేసి వదిలేస్తే మాత్రం దండగ. వేడి వాతావరణంలో గుడ్డు నుంచి పెద్ద మైట్ అవ్వడానికి వారం చాలు, కాబట్టి 7 రోజులకి మళ్లీ చేయాలి. గూడు ఖాళీగా పెడితే ఆకలికి చస్తాయనుకోకండి, తిండి లేకుండా నెలల తరబడి బతుకుతాయి, మొండివి.

మరీ ఎక్కువుంటే ఫ్లూరలనర్ అని తాగే నీళ్లలో కలిపే మందుంది, కిలో బరువుకి 0.5 మిల్లీగ్రాములు, 7 రోజుల తేడాతో రెండుసార్లు, అదీ డాక్టర్ రాస్తేనే. చేతికందిన పురుగుమందు మాత్రం కొట్టొద్దు బాబూ, 2017లో యూరప్‌లో ఫిప్రోనిల్ అనే పురుగుమందు వాడితే అది గుడ్లలో తేలి లక్షల గుడ్లు పారబోసుకున్నారు. తర్వాత ముడతల అట్టముక్కలు కర్రల కింద కట్టి రెండ్రోజులకోసారి విప్పి చూస్తుండండి, మైట్స్ కనిపిస్తే అట్టతో సహా కాల్చేసి మళ్లీ మొదటి నుంచి.