ఇంట్లో చేసుకున్న ఎలక్ట్రిక్ గిటారును వాయించడానికి సిద్ధం చేయడం: మెడ వంపు నుంచి పికప్ ఎత్తు దాకా

సొంత చేతులతో చెక్క కోసి, మెడ బిగించి, తీగలు కట్టిన గిటారు మొదటి రోజున మనం ఊహించుకున్న నాదాన్ని ఇవ్వదు. ఒక తీగ జరజరలాడుతుంది, మరొకటి పన్నెండో మెట్టు దగ్గర శ్రుతి తప్పుతుంది, ఆంప్లిఫయర్‌కు కలిపితే స్వరం కంటే హోరే ముందు వినబడుతుంది. అప్పుడు చాలామంది ఖరీదైన పికప్‌లు (తీగల కంపనాన్ని కరెంటు సంకేతంగా మార్చే అయస్కాంతపు చుట్టలు) కొనడానికి పరుగెత్తుతారు. చెన్నైలో మా ఇంటి డాబా మీద రెండు గిటార్లు చేసుకున్న అనుభవంతో నేను గట్టిగా చెప్పగలిగింది ఒక్కటే: ఆ ఖర్చుకు ముందు మెడ వంపు, నట్ (మెడ పై చివర తీగలు ఆనే గాళ్ళ పట్టీ), తీగల ఎత్తు, సాడిళ్ళు (దేహం మీద ఒక్కో తీగ ఆనే చిన్న దిమ్మెలు), పికప్‌ల ఎత్తు, వైరింగు అనే వరుసలో ఒక్కొక్కదాన్ని కొలిచి సరిచేయాలి. మెడ వంపు మారితే తీగల ఎత్తు మారుతుంది, ఎత్తు మారితే స్వరస్థానాలు మారతాయి, కాబట్టి వరుస తప్పితే చేసిన పని మళ్ళీ చేయవలసి వస్తుంది.

పనిముట్లు ఎక్కువ అక్కరలేదు. సన్నని సందులు కొలవడానికి మోటారు మెకానిక్కులు వాడే ఫీలర్ గేజ్ పుదుపేట దుకాణాల్లో దొరుకుతుంది. పాట్లు (శబ్దాన్నీ టోన్‌నూ మార్చే నాబ్‌ల కింది భాగాలు), కెపాసిటర్లు, రాగి టేపు, మల్టీమీటర్ అన్నీ రిచీ స్ట్రీట్‌లో దొరుకుతాయి. అర మిల్లీమీటరు గీతలున్న స్టీలు స్కేలు, ట్యూనర్, కాపో (తీగలను మెట్టు దగ్గర నొక్కి పట్టే బిగింపు), అలెన్ కీ, సన్నని ఆకురాళ్ళు ఉంటే చాలు. చెక్క విషయంలో బెంగ పెట్టుకోకండి. క్వీన్ రాక్ బృందపు గిటారిస్టు బ్రయాన్ మే 1963లో తండ్రితో కలిసి చేయడం మొదలుపెట్టిన గిటారుకు మెడ పాత నిప్పుగూడు మీది చెక్కతో వచ్చింది. మన దగ్గర పాత ద్వారబంధాల టేకు బాగా ఆరి ఉంటే దేహానికి పనికివస్తుంది, అయితే అది బరువుగా ఉంటుందని ముందే తెలుసుకోవాలి.

మొదట మీరు రోజూ వాడబోయే మందం తీగలనే కట్టి, వాయించే శ్రుతికే బిగించండి. 10 నుంచి 46 వరకు (అంగుళంలో వెయ్యో వంతుల మందం) ఉండే మామూలు తీగల జత, నట్ నుంచి సాడిల్ దాకా 648 మిల్లీమీటర్ల పొడవు (స్కేలు) మీద మెడను దాదాపు 46 కిలోల బలంతో ముందుకు లాగుతుంది, అందువల్ల తీగలు వదులుగా ఉన్నప్పుడు చూసిన కొలత దేనికీ పనికిరాదు. ఆరో తీగను, అంటే అన్నిటికంటే లావైనదాన్ని, మొదటి మెట్టు దగ్గర కాపోతో, మెడ దేహాన్ని కలిసే చోట వేలితో నొక్కి, ఏడో ఎనిమిదో మెట్టు మీద తీగకూ మెట్టుకూ మధ్య సందు కొలవండి. 0.2 నుంచి 0.3 మిల్లీమీటర్లు ఉంటే మెడ సరిగా ఉన్నట్టే. సందు ఎక్కువైతే ట్రస్ రాడ్‌ను (మెడ లోపల ఉండి వంపును సరిచేసే లోహపు కడ్డీని) గడియారం ముల్లు దిశలో బిగించాలి, తీగ మెట్టుకు ఆనుకుంటే వదులు చేయాలి. ఒకసారికి పావు చుట్టు మించకూడదు, తిప్పిన ప్రతిసారీ శ్రుతి చేసి కాసేపు ఆగి మళ్ళీ కొలవాలి.

నట్ దగ్గర ఓపిక పట్టనివారికి మిగతా పని అంతా కష్టమవుతుంది. తీగను రెండో, మూడో మెట్ల మధ్య నొక్కినప్పుడు మొదటి మెట్టు మీద సన్నని కాగితం దూరేంత సందు మిగలాలి. అంతకంటే ఎత్తుగా ఉంటే మొదటి మెట్లలో ప్రతి స్వరమూ హెచ్చుతుంది, సాడిల్ ఎంత జరిపినా అది పోదు. నా మొదటి గిటారుకు గాడి ఒక్క ఆకురాయి దెబ్బ ఎక్కువ తీశాను. ఖాళీ తీగ మొదటి మెట్టుకు తగిలి గరగరలాడింది. ఎముక నట్ పొడినే ఆ గాడిలో నింపి, సూపర్ గ్లూ ఒక చుక్క వేసి, ఆరాక మళ్ళీ గాడి తీశాను. గాడి అడుగు బిరడాల వైపు కొద్దిగా వాలి, తీగ నట్ ముందు అంచు మీదనే ఆనాలి. అడుగు చదునుగా ఉంటే తంబూరా తీగల కింద దారపు పోగు పెట్టి మనం కోరి రప్పించుకునే ఝుంకారమే ఇక్కడ అడగకుండా వస్తుంది.

తీగల ఎత్తును పన్నెండో మెట్టు మీద కొలిచి, ఆరో తీగకు 2 మిల్లీమీటర్లు, ఒకటో తీగకు 1.5 మిల్లీమీటర్లతో మొదలుపెట్టండి. ఒకే చోట జరజర వస్తే తప్పు ఎత్తుది కాదు, ఆ పక్క మెట్టు పైకి లేచి ఉంటుంది. మూడు మెట్ల మీద ఆనేంత చిన్న ఇనుప పట్టీ పెడితే లేచిన మెట్టు మీద అది ఊగుతుంది. గమకాలు వాయించాలనుకునేవారు తీగను ఇంకా కిందికి దించవద్దు, తీగను పక్కకు లాగినప్పుడు వేలికి పట్టు దొరకాలి. పాలకొల్లులో పుట్టి చెన్నైలో స్థిరపడిన మాండలిన్ శ్రీనివాస్ నాలుగు జంట తీగల మాండలిన్‌ను వదిలి ఐదు ఒంటి తీగల ఎలక్ట్రిక్ మాండలిన్ మీద గమకాలను పలికించిన తీరు విన్నవారికి, మెట్లున్న వాద్యం మీద తీగను లాగే వేలు ఎంత పని చేస్తుందో తెలుసు.

వీణకు మెట్లు మైనం మీద కూర్చుంటాయి కనుక శ్రుతి తప్పిన మెట్టునే జరపవచ్చు. గిటారులో మెట్టు కదలదు, సాడిల్ కదులుతుంది. 648 మిల్లీమీటర్ల స్కేలులో పన్నెండో మెట్టు నట్ నుంచి 324 దగ్గర ఉంటుంది, కానీ తీగను నొక్కినప్పుడు అది సాగి స్వరం హెచ్చుతుంది గనుక సాడిల్ 648 కంటే కొంచెం వెనక్కి పోవాలి, లావు తీగకు ఎక్కువ, సన్న తీగకు తక్కువ. అందుకే సాడిళ్ళను మోసే బ్రిడ్జిని దేహానికి బిగించేటప్పుడు ఒకటో తీగ సాడిల్‌ను దాదాపు ముందు చివరన ఉంచి, 648 గీత దగ్గర అమర్చుకోవాలి. ఆపైన పికప్‌లను బాగా కిందికి దించి, ట్యూనర్‌తో పన్నెండో మెట్టు మీది హార్మోనిక్‌నూ (తీగను నొక్కకుండా వేలు తాకించి మీటే స్వరాన్నీ), అదే చోట నొక్కి మీటిన స్వరాన్నీ పోల్చండి. నొక్కిన స్వరం హెచ్చితే సాడిల్‌ను వెనక్కి, తగ్గితే ముందుకు జరపండి.

పికప్‌లను ముందే దించమనడానికి కారణం ఉంది. సింగిల్ కాయిల్ (ఒకే తీగచుట్ట ఉన్న పికప్) అయస్కాంతాలు తీగకు మరీ దగ్గరైతే దాని కంపనాన్ని లాగుతాయి, లావు తీగ పై మెట్లలో రెండు స్వరాలు కలిసి మోగినట్టు వణుకుతుంది, ట్యూనర్ ముల్లు నిలవదు. సాడిళ్ళ పని ముగిశాక చివరి మెట్టు నొక్కి, లావు తీగ వైపు 2.4, సన్న తీగ వైపు 2 మిల్లీమీటర్ల సందుతో పికప్ నిలిపి, అక్కడి నుంచి పావు మిల్లీమీటరు చొప్పున పైకి తెస్తూ చెవితోనే నిర్ణయించండి. దగ్గర చేస్తే శబ్దం పెరుగుతుంది కానీ స్వరం త్వరగా ఆరిపోతుంది. నా దృష్టిలో ఈ ఒక్క స్క్రూ తెచ్చే మార్పు దేహపు చెక్క మార్చినా రాదు.

వైరింగులో సింగిల్ కాయిల్‌కు 250 కిలో ఓమ్‌ల పాట్, హోరు తగ్గేలా రెండు చుట్టలతో చేసిన హంబకర్‌కు 500 మామూలు. టోన్ కెపాసిటర్‌గా 0.022 లేదా 0.047 మైక్రోఫారడ్ చాలు. రెండు పికప్‌లు కలిపినప్పుడు శబ్దం పలచబడి బొంగురుపోతే ఒకదాని వైర్లు తిరగబడి ఉన్నాయి, వాటిని తారుమారు చేయాలి. అయితే పికప్ లోహపు కవచం ఎర్త్ వైరుకే కలిసి ఉంటే ముందు దాన్ని విడదీసి వేరే వైరుతో ఎర్త్‌కు కలపాలి.

హోరు 50 హెర్ట్జ్‌ల ఇంటి కరెంటు నుంచి వస్తుంది. తీగను తాకితే హోరు తగ్గిందంటే బ్రిడ్జి ఎర్త్ పనిచేస్తోందని, పికప్‌లు, వైర్లు ఉండే గుంట లోపల రాగి టేపు అంటించి ఆ టేపును ఎర్త్‌కు కలపవలసి ఉందని అర్థం. తాకినప్పుడు హోరు పెరిగితే కేబుల్ గుచ్చే జాక్ దగ్గర రెండు వైర్లు తిరగబడి ఉన్నాయేమో చూడాలి. హోరు తగ్గుతుందని ఎవరు చెప్పినా ఆంప్లిఫయర్ ప్లగ్గులోని ఎర్త్ పిన్‌ను మాత్రం తీయకండి. తీగల మీద ఉండే మీ చేతికి ఆ పిన్నే రక్షణ.

కొలతలన్నీ ఒక కాగితం మీద తేదీతో రాసి గిటారు పెట్టెలో ఉంచండి. అక్టోబరు, నవంబరు వానలకు చెన్నై గాలిలో తేమ పెరిగి పాలిష్ పలచగా ఉన్న మెడ వంపు మారుతుంది. అప్పుడు మెడ వంపును మళ్ళీ కొలిచి, ఆ కాగితంతో పోల్చి, మారినంత మేరకే ట్రస్ రాడ్‌ను తిప్పాలి.