గోదాముకు గస్తీ రోబో: తయారుచేసే విధానం

ఒడిశాలోని పర్లాకిమిడిలోనో గుణుపురంలోనో ధాన్యం గోదాము ఉండి, రాత్రి కాపలాకు ఒకే మనిషి ఉన్నవారిని దృష్టిలో పెట్టుకొని ఇది రాస్తున్నాను. పెద్ద వయసు కావలివారు వానలో, చీకట్లో ప్రతి అరగంటకూ బస్తాల నెట్ల మధ్య తిరగవలసి రావడం నాకు బాధగా ఉంటుంది. ఆ తిరుగుడు పని యంత్రానికి అప్పగించి, నిర్ణయం ఆయన చేతిలోనే ఉంచాలి.

విడిభాగాలు కొనేముందు రెండు రాత్రులు ఆయన వెంట టార్చి పట్టుకొని తిరగండి. ఏ మూల దగ్గర ఆయన ఆగి చూస్తారో, ఏ గడప ఎంత ఎత్తుందో, చప్టా ఎక్కడ వాలిందో కాగితం మీద గీయండి. రోబో ఆగవలసిన చోట్లు అవే.

మోటార్లను లెక్క వేసి ఎంచుకోండి. 12 కిలోల బండి 10 డిగ్రీల వాలు ఎక్కాలంటే, చక్రాల రాపిడితో కలిపి సుమారు 24 న్యూటన్ల బలం కావాలి. 13 సెంటీమీటర్ల వ్యాసం గల నాలుగు చక్రాలకు పంచితే ఒక్కొక్క మోటారుకు 4 కిలో-సెంటీమీటర్ల టార్కు (తిప్పే బలం) వస్తుంది. దానికి రెట్టింపు ఇవ్వగల, నిమిషానికి 100 చుట్లు తిరిగే 12 వోల్టుల గేరు మోటార్లు తీసుకోండి. గోనె పీచు ఇరుసులకు చుట్టుకుంటుంది కనుక చక్రాల లోపలి వైపు రేకు మూతలు తప్పనిసరి.

దారి చూపడానికి నేల మీద నల్ల గీత గీస్తే తవుడు, ఊక దాన్ని కప్పేస్తాయి. రేకుల కప్పు కింద జీపీఎస్ నమ్మదగినది కాదు. అయస్కాంత టేపు అతికించి, దాన్ని గుర్తించే హాల్ సెన్సార్లు బండి అడుగున బిగించడమే ఇక్కడ నిలిచే పద్ధతి.

అందరూ తరచుగా పొరబడేది మనిషిని గుర్తించే దగ్గర. పీఐఆర్ (ఒంటి వేడిని బట్టి కదలికను పసిగట్టే) సెన్సారు తన ఎదుట ఉన్న వేడి దృశ్యంలో వచ్చే మార్పుకు స్పందిస్తుంది. రోబో నడుస్తున్నప్పుడు గోడలు, బస్తాలు అన్నీ దాని ఎదుట కదులుతూనే ఉంటాయి కాబట్టి ప్రతి అడుగుకూ సైరను మోగుతుంది, మూడో రాత్రికి కావలివారు దాన్ని ఆపేస్తారు. అందుకే నడిచేటప్పుడు ఆ సెన్సారు మాట వినవద్దని, ఆగిన తరువాత 5 సెకన్లు వదిలేసి, తరువాతి 20 సెకన్లు మాత్రమే చూడాలని ప్రోగ్రాము రాయండి. ఏప్రిల్, మే నెలల్లో కాగిన గోడల వేడి ఒంటి వేడికి దగ్గరైతే ఈ సెన్సారు మందగిస్తుంది. కుక్కలకు, పందికొక్కులకు కూడా అది స్పందిస్తుంది. కాబట్టి సెన్సారు స్పందించిన వెంటనే చీకట్లో చూడగల కెమెరా ఫొటో తీయాలి. కెమెరాకు చీకట్లో వెలుగునిచ్చే పరారుణ దీపాలను లెన్సు పక్కనే పెడితే గాలిలోని దుమ్ము తెల్లగా మెరిసి ఫొటో చెడిపోతుంది. ఒక జానెడు దూరం జరపండి.

బ్యాటరీకి 12.8 వోల్టుల, 12 యాంపియర్-అవర్ల లిథియం ఐరన్ ఫాస్ఫేటు సరిపోతుంది. నడిచేటప్పుడు 25 వాట్లు, ఆగినప్పుడు 5 వాట్లు అనుకొని, అరగంటలో 10 నిమిషాలు నడిపితే, రాత్రి 9 నుంచి ఉదయం 6 వరకు సుమారు 105 వాట్-అవర్లు ఖర్చవుతాయి. బ్యాటరీలో ఉండేది దాదాపు 153.

ఫొటో ముందు మెమరీ కార్డులో చేరాలి, ఆ తరువాతే సిమ్ ద్వారా యజమానికి వెళ్ళాలి. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను పర్లాకిమిడి ఉన్న గజపతి జిల్లాను ఎంతగా దెబ్బతీసిందో మనకు తెలుసు. అలాంటి రాత్రి కరెంటూ సిగ్నలూ ఉండవనుకొనే, కావలివారి కుర్చీ దగ్గర రోబో పంపే రేడియో సంకేతానికి మోగే బ్యాటరీ గంట కూడా అమర్చండి. స్పీకరులో "ఎవరది?" అన్న ప్రశ్నను తెలుగులోనూ ఒడియాలోనూ రికార్డు చేయండి, ఎందుకంటే దారితప్పి లోపలికి వచ్చిన హమాలీకి తన భాషలో మాట వినబడితే భయపడి పరుగెత్తడు.

ముందు బంపరు స్విచ్చు, పైన ఎర్ర బొత్తాము ఉండాలి; రెండూ ప్రోగ్రాముతో నిమిత్తం లేకుండా మోటార్లకు వెళ్ళే కరెంటును రిలేతో (కరెంటుతో పనిచేసే స్విచ్చుతో) నేరుగా తెంచాలి. కెమెరా చూపు పక్క ఇళ్ళ వాకిళ్ళలోకి పోకుండా వంచి బిగించండి.

చివరగా ఏడు రాత్రులు పరీక్షించండి. రోజూ వేరే మనిషిని వేరే మూల నుంచి రమ్మని చెప్పి, పట్టుకున్నవీ, తప్పినవీ, ఊరికే మోగినవీ కావలివారి చేతనే పుస్తకంలో రాయించండి. ఊరికే మోగడం రాత్రికి ఒకటి రెండుకు తగ్గాకే రోబోను ఆయనకు అప్పగించండి.