లయబిలిటీ పాలసీ మీద సంతకం పెట్టే ముందు

హోటల్‌కు ఫైర్ పాలసీ ఉంది కదా అని ధీమాగా ఉండకండి. అది మీ సామాను కాలితే ఇచ్చేది. తడి ఆరని నేల మీద కస్టమర్ జారిపడి మణికట్టు విరిగితే కట్టాల్సిన పరిహారానికి పబ్లిక్ లయబిలిటీ పాలసీ కావాలి.

• ప్రపోజల్ ఫారం (పాలసీ కోసం ఇచ్చే దరఖాస్తు) ఏజెంట్ నింపినా ప్రతి గడీ చదవండి. నాకు అన్నిటికన్నా ముఖ్యం ఇదే. వెనక షెడ్డులో ఎన్ని గ్యాస్ సిలిండర్లు పెడుతున్నారో, ఇంతకుముందు ఎవరైనా నోటీసు పంపారో ఉన్నదున్నట్టు రాయండి. దాచిన ఒక్క విషయం చాలు, క్లెయిమ్ తిరస్కరించడానికి.

• బీమా కంపెనీ ఒక్కో ప్రమాదానికి ఎంత వరకు ఇస్తుంది, ఏడాది మొత్తానికి ఎంత? రెండు పరిమితులూ చూడండి.

• పనివాళ్లకు దెబ్బ తగిలితే ఇది వర్తించదు. వాళ్లకు వేరే పాలసీ.

• ప్రమాదకర రసాయనాలు నిర్ణీత పరిమాణానికి మించి ఉంటే 1991 నాటి పబ్లిక్ లయబిలిటీ ఇన్సూరెన్స్ చట్టం ప్రకారం పని మొదలుపెట్టక ముందే బీమా తప్పనిసరి. 1984 భోపాల్ దుర్ఘటన తర్వాత వచ్చిన చట్టమిది.

• రెన్యువల్ తేదీ దాటనివ్వకండి.

• ప్రమాదం జరిగితే ముందు ఆసుపత్రికి తీసుకెళ్లండి, వెంటనే బీమా కంపెనీకి చెప్పండి. వాళ్లను అడగకుండా “తప్పు మాదే, ఇంత ఇస్తాం” అని రాసివ్వకండి. సీసీటీవీ ఫుటేజీ చెరిగిపోకముందే కాపీ చేసుకోండి.