ఒక్కరే కూర్చుని డూమ్, స్లడ్జ్ ఆల్బమ్ రికార్డు చేయాలంటే

డూమ్, స్లడ్జ్ అంటే నెమ్మదిగా, బరువుగా సాగే మెటల్ సంగీతం. డూమ్‌కి బరువు గెయిన్ (గిటార్ శబ్దాన్ని గరగరలాడించే అమరిక) పెంచితే రాదు. కొట్టిన తీగ ఎంతసేపు మోగిందో, ఆ మోత ఎంత స్పష్టంగా ఆరిందో అందులో ఉంటుంది. గిటార్, బేస్, డ్రమ్స్ అన్నీ ఒక్కరే చూసుకునేటప్పుడు పని తీగల దగ్గరే మొదలుపెట్టాలి.

గిటార్‌ని సి స్టాండర్డ్‌కి, అంటే ప్రతి తీగనీ మామూలు శ్రుతికన్నా నాలుగు అరస్వరాలు కిందికి, దించితే ఆరో తీగ దాదాపు 65 హెర్ట్జ్‌లో మోగుతుంది. 25.5 అంగుళాల స్కేలుకి (తీగ మోగే పొడవు) 12–60 సెట్ (అతి సన్నటి, అతి లావు తీగల మందం, అంగుళంలో వెయ్యో వంతుల్లో) సరిపోతుంది. డ్రాప్ ఏ (ఆరో తీగని A స్వరానికి దించే ట్యూనింగ్) దాకా, అంటే 55 హెర్ట్జ్‌కి దిగాలంటే ఆరో తీగ 68 అయినా ఉండాలి. మామూలు 10–46 తీగలనే వదులు చేస్తే, గట్టిగా కొట్టగానే శ్రుతి పైకి లేచి మెల్లగా కిందికి జారుతుంది. లావు తీగ నట్ (మెడ చివర తీగలు ఆనే పట్టీ) గాడిలో ఇరుక్కుంటే గాడిని కొద్దిగా వెడల్పు చేయించండి. ఇంటొనేషన్ (మెడ పొడవునా శ్రుతి సరిగా పలకడం) మళ్లీ సరిచూడాలి. ట్యూన్ చేసేటప్పుడు కూడా రికార్డింగులో కొట్టేంత బలంగానే కొట్టండి, చాలామంది ఇక్కడే తప్పుతారు.

రికార్డింగులో ముందు డ్రమ్స్. 55 బీపీఎంలో (నిమిషానికి 55 బీట్లు) బీటుకీ బీటుకీ మధ్య సెకను పైనే ఖాళీ ఉంటుంది, చేయి ముందుకు ఉరుకుతుంది. అందుకే క్లిక్‌ని (లయ చూపే టిక్ శబ్దం) అరబీటులకు పెట్టుకోండి. డ్రమ్స్ ప్రోగ్రామ్ చేస్తుంటే స్నేర్‌ని 10–15 మిల్లీసెకన్లు వెనక్కి జరపండి. ప్రతి దెబ్బకీ ఒకే వెలాసిటీ (దెబ్బ బలం) ఇస్తే యంత్రం వాయించినట్టే ఉంటుంది.

రిఫ్‌ని (మళ్లీ మళ్లీ వచ్చే గిటార్ వరస) రెండుసార్లు విడివిడిగా వాయించి, ఒకటి పూర్తిగా ఎడమకి, ఒకటి కుడికి పంపండి. ఒకే టేక్‌ని కాపీ చేస్తే వెడల్పు రాదు, మధ్యలో శబ్దం పెరుగుతుందంతే. రెండోసారి ఫజ్ (శబ్దాన్ని గరగరగా మార్చే ఎఫెక్ట్) తగ్గించి వాయిస్తే రిఫ్‌లోని స్వరాలు తేటపడతాయి. నాయిస్ గేట్ (శబ్దం తగ్గగానే మూసేసే పరికరం) వాడకండి, ఆరుతున్న మోతని అదే నరికేస్తుంది. రొద ఉన్నచోట తర్వాత చేత్తో ఫేడ్ చేయండి.

బేస్‌ని ఫజ్‌లోంచి నేరుగా పంపితే అడుగు (లోస్వరాల నిండుతనం) పోతుంది. ట్రాక్‌ని రెండు చేసి, 200 హెర్ట్జ్ కింద శుభ్రంగా వదిలి, పైభాగానికే డిస్టార్షన్ ఇవ్వండి. కలిపాక ఒకదాని పొలారిటీ (శబ్ద తరంగం పైకిందులు) తిప్పి చూసి, అడుగు నిండుగా వినిపించే వైపే ఉంచండి. గిటార్‌కి 80 హెర్ట్జ్ దగ్గర హైపాస్ (దాని కింది శబ్దాన్ని తగ్గించే ఫిల్టర్) పెట్టినా నష్టం లేదు, ఆ చోటు బేస్‌ది.

ప్రయోగానికి అన్నిటికన్నా మంచి దారి సగం వేగం. 60 బీపీఎం పాట కోసం రిఫ్‌ని 120లో వాయించి, శ్రుతితో పాటు వేగాన్నీ సగానికి దించండి. స్వరం ఒక ఆక్టేవ్ దిగుతుంది, పిక్ దెబ్బ మొద్దుబారి తీగ సాగుతుంది. పైస్వరాలూ సగానికి దిగుతాయి కాబట్టి టోన్‌ని అవసరానికన్నా పదునుగా పెట్టి రికార్డు చేయాలి. సింబల్స్‌పై (డ్రమ్ సెట్‌లోని తాళాలు) చేసేటట్టయితే 96 కిలోహెర్ట్జ్ శాంపుల్ రేటులో తీసుకోండి, 44.1లో తీస్తే 11 కిలోహెర్ట్జ్ పైన ఏమీ మిగలదు.

మాస్టరింగ్‌కి (ఆల్బమ్ విడుదలకు ముందు చివరి శబ్ద సవరణ) పంపేటప్పుడు శిఖరాలు మైనస్ 6 డెసిబెల్స్ దాటనివ్వకండి. వినైల్ తీసే ఉద్దేశం ఉంటే లోస్వరాలను మోనోగా ఉంచి, ఒక్కో వైపు 20 నిమిషాల లోపు సర్దండి.