మొద్దుబారిన మనసును కదిలించే ముందు

ఏడవాల్సిన చోట ఏడుపు రాదు. మంచి వార్త విన్నా లోపల చలనం ఉండదు. మీరు రాతిగుండె మనిషి అయిపోయారని దీని అర్థం కాదు. భయం, దుఃఖం, ఒత్తిడి ఓర్చుకోలేనంతగా సాగినప్పుడు మనసు బాధను అణిచేసుకుంటుంది. దాంతోపాటే సంతోషమూ అణిగిపోతుంది. అది రక్షణ కోసం వచ్చిన స్థితి కనుక బలవంతంగా బద్దలుకొట్టకూడదు.

ముందు కారణం వెతకండి. డిప్రెషన్, పాత భయానక అనుభవం, మద్యం, చాలాకాలంగా నిద్ర లేకపోవడం, వీటిలో ఏదైనా కావచ్చు. ఎస్‌ఎస్‌ఆర్‌ఐ రకం మందులు (డిప్రెషన్, ఆందోళనలకు ఇచ్చేవి) వాడేవారిలో కొందరికి మందువల్లే ఇలా అవుతుంది. అయినా సొంతంగా ఆపేయకండి. ఉన్నట్టుండి మానేస్తే తలతిరుగుడు, వికారం, తలలో షాక్ కొట్టినట్టుండటం మొదలవ్వచ్చు, జబ్బు తిరగబెట్టవచ్చు. డాక్టరుకు చెబితే మోతాదు తగ్గించడమో, మందు మార్చడమో చూస్తారు.

అనుభూతులను మళ్లీ గుర్తించే సాధన శరీరంతో మొదలుపెట్టాలి. “నాకేమనిపిస్తోంది?” అని నేరుగా అడిగితే “ఏమో” అనే జవాబే వస్తుంది. పగటిపూట ఐదు నిమిషాలు కూర్చోండి. పాదాలు నేలకు ఆనించి, కళ్లు తెరిచే ఉంచండి. గాయపడిన మనసులకు కళ్లు మూసుకోవడమే భయం పుట్టించవచ్చు. దవడ, గొంతు, ఛాతీ, పొట్ట వరసగా గమనించండి. బిగుతా, వేడా, బరువా? ఏమీ తెలియకపోతే అదే రాసుకోండి. తర్వాత హాయిగా ఉందా, ఇబ్బందిగా ఉందా, 10కి ఎంత అని చూసుకోండి. కోపం, బెంగ లాంటి పేర్లు పెట్టడం ఆ తర్వాతి మాట.

చాలామంది తడబడేది ఇక్కడే: ముందు తిరిగొచ్చేది ఎక్కువగా సంతోషం కాదు, చిరాకు, కారణం తెలియని ఏడుపు. పరిస్థితి దిగజారిందనుకుని మానేస్తారు. అందుకే అతి పెద్ద గాయాన్ని ఒంటరిగా తవ్వకండి, ఇబ్బంది 10కి 3 దాటని చిన్న విషయం తీసుకోండి. గుండెదడ పెరిగినా, చుట్టూ ఉన్నదంతా కలలా తోచినా వెంటనే ఆపండి. కనిపించే ఐదు వస్తువుల పేర్లు పైకి చెప్పండి, చన్నీళ్లతో చేతులు తడుపుకోండి. 4 అంకెలు లెక్కిస్తూ ఊపిరి పీల్చి, 6 అంకెలు లెక్కిస్తూ వదలండి. ఊపిరిమీద ధ్యాస పెడితే కంగారు పెరిగేవారు ఆ పని వదిలేయాలి.

ఏదో ఒకటి అనిపించాలని తాగడం, ప్రమాదకరమైన వేగంతో బండి నడపడం, గాయం చేసుకోవడం జోలికి వెళ్లకండి. రెండు వారాలు దాటినా ఇలాగే ఉంటే మానసిక వైద్యుణ్ని కలవండి. చనిపోవాలన్న ఆలోచన వస్తే మాత్రం అదే రోజు ఒకరికి చెప్పి, ఒంటరిగా ఉండకుండా అత్యవసర సాయం తీసుకోండి. మొద్దుబారినప్పుడు ఆ ఆలోచన కూడా ఏడుపూ భయమూ లేకుండా, ప్రశాంతంగా రావచ్చు. ప్రశాంతంగా ఉన్నాను కదా అని ఆగవద్దు.