పాత లారీ వైరింగ్ నేర్చుకుందాం – 4వ పాఠం: మీటర్ బోర్డు బల్బులు

పాఠం చదివే ముందు బండి దగ్గరికి వెళ్లి ఒక చిన్న పని చేయండి. తాళం ఆన్‌లోకి తిప్పండి, స్టార్ట్ మాత్రం చేయొద్దు. మీటర్ బోర్డులో ఆయిల్ లైటు, చార్జింగ్ లైటు రెండూ ఎర్రగా వెలగాలి. ఎయిర్ బ్రేకు బండి అయితే, ట్యాంకులో గాలి లేనప్పుడు ఎయిర్ లైటు కూడా వెలగాలి. ఇండికేటర్ వేస్తే పచ్చ లైటు కొట్టుకోవాలి, డిమ్ నుంచి బ్రైట్‌కు మారిస్తే నీలం లైటు రావాలి. ఏది వెలగలేదో కాగితం మీద రాసుకుని ఇక్కడికి రండి.

పాత బండ్లలో ఎక్కువ మంది వదిలేసే పని ఇదే. హెడ్‌లైటు పోతే ఆ రాత్రే వేయిస్తారు. మీటర్ బోర్డులో బల్బు పోతే నెలలు గడిచిపోతాయి. ఎర్ర లైటు వెలగడం లేదంటే అంతా బాగుందని డ్రైవర్ అనుకుంటాడు. బల్బు మాడిపోయినా ఆ లైటు వెలగదు కదా! నాపరాళ్ల లోడుతో గువ్వలచెరువు ఘాట్ దిగే బండిలో ఎయిర్ లైటు బల్బు పోయి ఉంటే, గాలి తగ్గిన సంగతి డ్రైవర్‌కు బ్రేకు తొక్కినప్పుడే తెలుస్తుంది. అందుకే పది రూపాయల వస్తువు అయినా దీనికి ఒక పాఠం మొత్తం ఇస్తున్నాను.

విప్పకముందే తేల్చుకోండి

లైటు రాకపోతే వెంటనే బోర్డు విప్పొద్దు. బోర్డులో లైట్లన్నీ ఒకేసారి పోతే అది బల్బుల తప్పు కాదు. పోయిన పాఠంలో చూసిన ఫ్యూజు, ఎర్త్ (బ్యాటరీ మైనస్‌ను బండి బాడీకి కలిపే దారి) మళ్లీ చూడండి. ఒక్కటే రాకపోతే బల్బు పోయిందా, వైరు తెగిందా, కింద స్విచ్ పోయిందా అన్నది కింద నుంచే తేల్చుకోవచ్చు.

ఆయిల్ లైటుతో మొదలుపెడదాం. ఇంజను బ్లాకుకు బిగించిన ఆయిల్ ప్రెజర్ స్విచ్‌కు ఒక వైరు వస్తుంది. ప్రెజర్ లేనప్పుడు ఆ స్విచ్ వైరును ఎర్త్‌కు కలుపుతుంది, లైటు వెలుగుతుంది. ప్రెజర్ రాగానే విడిపోతుంది, లైటు ఆరిపోతుంది. ఇంజను ఆపి, తాళం ఆన్‌లో ఉంచి, ఆ వైరును స్విచ్ నుంచి తీసి ఇంజను బాడీకి ఆనించండి. పెయింటు, జిడ్డు లేని ఇనుము దొరికే చోట ఆనించాలి. లైటు వెలిగితే బల్బు, వైరు రెండూ బాగున్నట్టే, స్విచ్ మార్చండి. వెలగకపోతే తప్పు పైన ఉంది, అప్పుడు బోర్డు విప్పుదాం. ఎయిర్ లైటు స్విచ్ కూడా చాలా బండ్లలో ఇలాగే పనిచేస్తుంది.

ఏ బల్బు కొనాలి

షాపుకు వెళ్లి "మీటర్ బల్బు ఇవ్వన్నా" అంటే చేతికి ఏదో ఒకటి వస్తుంది. ముందు మీ బండి 12 వోల్టులా, 24 వోల్టులా అన్నది తెలియాలి. రెండు బ్యాటరీలు ఉన్నంత మాత్రాన 24 అనుకోవద్దు. ఒకదాని ప్లస్ ఇంకోదాని మైనస్‌కు కలిపి ఉంటే 24, ప్లస్ ప్లస్‌కు, మైనస్ మైనస్‌కు కలిపి ఉంటే 12. 24 వోల్టుల బండికి 12 బల్బు వేస్తే వెలిగిన క్షణంలోనే మాడుతుంది. 12 బండికి 24 బల్బు వేస్తే మిణుకుమిణుకుమంటుంది, పగటి ఎండలో కనబడదు. ఈ రెండోది మరీ ప్రమాదం, ఎందుకంటే రాత్రి షెడ్డులో చూసినవాడు పనైపోయిందనుకుంటాడు.

తర్వాత వాట్లు. పాత బల్బు అడుగునో, గాజు మీదో రాసి ఉంటుంది. మీటర్ బోర్డుల్లో 1.2, 2, 3, 5 వాట్ల బల్బులు కనిపిస్తాయి. ఒక సంగతి గుర్తుంచుకోండి: మెటల్ క్యాప్ లేని గాజు అడుగు బల్బుల్లో 3 వాట్లది, 5 వాట్లది ఒకే సైజు, ఒకే హోల్డర్‌లో కూర్చుంటాయి. వెలుగు ఎక్కువ వస్తుందని 3 ఉన్న చోట 5 వేస్తే లోపల వేడి పెరుగుతుంది. కడప ఎండకు క్యాబిన్ ముందే కాలిపోతూ ఉంటుంది, దాని మీద ఈ వేడి. కొన్నాళ్లకు ప్లాస్టిక్ హోల్డర్ వంగిపోతుంది, రంగు గాజు మసకబారుతుంది. పాత బల్బు జేబులో వేసుకుని షాపుకు వెళ్లండి, అదే వోల్టు, అదే వాటు తీసుకోండి. రంగు కోసం వెతకక్కర్లేదు. రంగు బోర్డు ముందు ప్లాస్టిక్‌లో ఉంటుంది, బల్బు తెల్లదే.

బోర్డు విప్పడం

బ్యాటరీ మైనస్ ముందు తీయండి. బోర్డు వెనక ఎప్పుడూ కరెంటు ఉండే వైర్లుంటాయి, స్క్రూడ్రైవర్ జారితే అక్కడే షార్ట్ అవుతుంది. ముందు వైపు స్క్రూలు తీశాక బోర్డును లాగొద్దు. పాత బండ్లలో స్పీడోమీటర్‌కు గేర్ బాక్సు నుంచి కేబుల్ వస్తుంది. వెనక్కి చెయ్యి పోనిచ్చి ఆ కేబుల్ నట్టు వేళ్లతోనే వదులు చేసి తీయాలి. అప్పుడు బోర్డు ముందుకు వస్తుంది. వైర్లు మార్చి పెట్టే భయం ఉంటే ఫోన్‌తో వెనక వైపు ఫొటో తీసుకోండి.

హోల్డర్ రకాన్ని బట్టి తీసే తీరు మారుతుంది. ఇనుప హోల్డర్ అయితే నేరుగా వెనక్కి లాగితే వస్తుంది. ప్లాస్టిక్‌ది అయితే ఎడమకు పావు చుట్టు తిప్పాలి. దాని కింద పల్చటి ప్లాస్టిక్ షీటు మీద రాగి గీతలు ఉంటాయి, వైర్ల పని అవే చేస్తాయి. గీత ఒక్కటి చిరిగినా రెండు మూడు లైట్లు పోతాయి కాబట్టి మెల్లగా. పిన్నులున్న బల్బును లోపలికి నొక్కి ఎడమకు తిప్పండి. గాజు అడుగు బల్బును నేరుగా లాగండి. వేళ్లకు అందకపోతే బల్బుకు బిగువుగా పట్టే రబ్బరు ట్యూబు ముక్క తొడిగి లాగండి, కట్టింగ్ ప్లేయర్ పెడితే గాజు పగులుతుంది.

ఎర్రగుంట్ల వైపు రాళ్లు తోలే బండ్ల బోర్డులు విప్పితే తెల్లటి దుమ్ము రాలుతుంది. ఆ దుమ్ము హోల్డర్‌లో పేరుకుని బల్బు బాగున్నా వెలగనివ్వదు. తీసిన బల్బును పారేయకముందే మల్టీమీటరుతో చూడండి. బాగుంటే హోల్డర్ రేకులను సన్నటి గరుకు కాగితంతో, రాగి గీతలను పెన్సిల్ రబ్బరుతో తుడవండి. పొడి బ్రష్‌తో దుమ్ము దులపండి. పెట్రోలు, థిన్నర్ తగలనివ్వొద్దు, బోర్డు ముందు వైపు ప్లాస్టిక్ పాడవుతుంది.

చార్జింగ్ లైటు

దీన్ని వేరుగా చెప్పాలి. మిగతావి చూపించడానికే ఉన్నాయి, ఇది పని కూడా చేస్తుంది. తాళం తిప్పగానే బ్యాటరీ కరెంటు ఈ బల్బు గుండా ఆల్టర్నేటర్ (ఇంజను తిరుగుతుంటే బ్యాటరీని చార్జ్ చేసేది) సన్న వైరులోకి, అక్కడి నుంచి లోపలి ఫీల్డ్ కాయిల్‌లోకి పోతుంది. ఆ కొద్ది కరెంటుతోనే ఆల్టర్నేటర్‌కు మొదటి అయస్కాంత శక్తి వస్తుంది. చార్జింగ్ మొదలయ్యాక బల్బుకు రెండు వైపులా వోల్టులు సమానమై లైటు ఆరుతుంది. బల్బు మాడిపోతే ఆ దారి మూసుకుపోతుంది. చాలా బండ్లలో అప్పుడు ఐడిల్‌లో చార్జింగ్ మొదలుకాదు, గట్టిగా రేస్ చేస్తే వస్తుంది, కొన్నిటిలో అదీ రాదు. బల్బు మార్చాల్సిన చోట ఆల్టర్నేటర్ విప్పించి, బ్యాటరీలు మార్చి, వేల రూపాయలు పోగొట్టుకునే ఓనర్లను చూస్తే నాకు బాధేస్తుంది.

అందుకే ఈ ఒక్క చోట ఎల్ఈడీ వేయొద్దు. 24 వోల్టుల 3 వాట్ల బల్బు గుండా 0.125 ఆంపియర్ పోతుంది. మామూలు చిన్న ఎల్ఈడీలో పోయేది దాంట్లో చిన్న వంతు. అది ఫీల్డ్‌ను లేపడానికి చాలకపోవచ్చు. బోర్డు వెలుతురు బల్బులకు ఎల్ఈడీ వేసుకోండి, ఇబ్బంది లేదు, వెలగకపోతే తిప్పి పెట్టండి. కుడి ఎడమ రెండింటికీ ఒకే పచ్చ లైటున్న బోర్డులో ఎల్ఈడీ ఒక వైపుకే వెలిగే అవకాశం ఉంది, అక్కడా మామూలు బల్బే మేలు.

ఈ లైటును కింద నుంచి చూడాలంటే ఇంజను ఆపి, తాళం ఆన్‌లో పెట్టి, ఆల్టర్నేటర్ నుంచి సన్న వైరు తీసి బాడీకి ఆనించండి. వెలిగితే బల్బు బాగుంది, తప్పు ఆల్టర్నేటర్ లోపల. లావు వైరు జోలికి పోవద్దు, అది నేరుగా బ్యాటరీది, బాడీకి తగిలితే నిప్పులు లేస్తాయి. ఇంజను నడుస్తుండగా ఈ పరీక్ష ఎప్పుడూ చేయొద్దు.

ఈ వారం పని

మొదట్లో రాసుకున్న కాగితం తీయండి. వెలగని ప్రతి లైటుకూ బల్బా, హోల్డరా, వైరా, స్విచ్చా అని పక్కన రాసి, మార్చండి. బోర్డు బిగించే ముందే బ్యాటరీ కలిపి అన్నీ ఒకసారి వెలిగించి చూడండి, స్పీడోమీటర్ కేబుల్ నట్టు మరవకుండా ఎక్కించండి. అదే బోర్డులో డీజిల్ ముల్లు, టెంపరేచర్ ముల్లు తప్పు చూపిస్తుంటే వాటికి ఇప్పుడు చెయ్యి పెట్టొద్దు, 5వ పాఠం వాటి గురించే.