హోమ్‌స్కూలింగ్‌లో ఊపిరాడని వారం: ఎలా సర్దుకోవాలి

ఇంట్లోనే చదువు చెప్పుకునేవాళ్లకు జనవరి చివరి వారం గట్టిది. ఏప్రిల్‌లో ఎన్‌ఐఓఎస్ (కేంద్ర ప్రభుత్వ ఓపెన్ స్కూల్) పదో తరగతి పరీక్ష రాసే పిల్లలు టీఎంఏలు, అంటే ఇంట్లో రాసి మార్కుల కోసం పంపే అసైన్‌మెంట్లు, అప్‌లోడ్ చేసే గడువు మామూలుగా అప్పుడే పడుతుంది. మధ్యలో రిపబ్లిక్ డే, మాఘమాసం పెళ్లిళ్లు, ఇంటికొచ్చే చుట్టాలు. ఉదాహరణకు హైదరాబాద్‌లో ఒక ఇల్లు తీసుకుందాం: టీఎంఏలు రాయాల్సిన 15 ఏళ్ల బాబు, 8 ఏళ్ల పాప, అమ్మానాన్నల్లో ఒకరికి ఇంటి నుంచే ఉద్యోగం.

బడి టైంటేబుల్‌ని ఇంటికి తెచ్చుకోవడం చాలామంది చేసే మొదటి తప్పు. 9 గంటలకు తెలుగు, 9.45కు లెక్కలు అని గోడకు అంటిస్తే, సోమవారం 9.10కి గ్యాస్ బండవాడు బెల్లు కొట్టడంతో ఆ రోజంతా చెడుతుంది. బడిలో నలభై మందిని నడపడానికి పీరియడ్లు కావాలి. ఇద్దరికి అక్కర్లేదు.

ఆదివారం సాయంత్రం, ఒక్క కాగితం

అరగంట చాలు. ముందు సబ్జెక్టులు రాయకండి, కదపలేనివి రాయండి: ఆఫీసు మీటింగులు, పాప సంగీతం క్లాసు, పంపు నీళ్లొచ్చే రోజులు, డాక్టరు అపాయింట్‌మెంటు. అవి పోగా ఏ రోజు ఎంత ఖాళీ ఉందో అప్పుడు తెలుస్తుంది. గురువారం గంటన్నరే మిగిలిందంటే ఆ రోజుకి గంటన్నర పనే పెట్టాలి. ఆశకొద్దీ నాలుగు గంటల పని పెడితే అది శుక్రవారం నెత్తిన పడుతుంది.

ఆ తర్వాత ఏది పోయినా పోనివ్వకూడని పని తేల్చుకోండి. పాపకు గంటంపావు: 25 నిమిషాలు తెలుగు, 25 నిమిషాలు లెక్కలు, 25 నిమిషాలు ఇంగ్లిషు పుస్తకం పైకి చదవడం. బాబుకు మూడు గంటలు. టిఫిన్ అయిన వెంటనే మొదలెట్టాలి. మధ్యాహ్నం భోజనం తర్వాత చూద్దాంలే అనుకున్న తెలుగు రాత సాధారణంగా ఆ రోజుకు లేనట్టే.

ఇద్దరినీ ఒకేసారి కూర్చోబెట్టేటప్పుడు

ముందు చిన్నదాని దగ్గర కూర్చోండి. పరీక్ష ఉంది కదా అని చాలామంది పెద్దవాడితో మొదలెడతారు. ఈలోపు పాప బొమ్మలు తీస్తుంది, ఇక లేపి తేవడం మీ వల్ల కాదు. తొలి 40 నిమిషాలు బాబు సొంతంగా చదువుకోవడమో, ముందురోజు జవాబులు ఫెయిర్ చేయడమో చేస్తాడు. ఆ తర్వాత పాపకు చూచిరాత ఇచ్చి బాబు దగ్గరికి వెళ్లొచ్చు.

పాప తెలుగులో ఈ వారం కొత్త పాఠం వద్దు. చూచిరాత ఐదు లైన్లు, ఉక్తలేఖనం ఎనిమిది మాటలు. ఆ ఎనిమిదిలో సగం తేడా వినిపించే జంటలు ఉండాలి: గుడి–గుడ్డి, కల–కళ. ఒత్తు మరిచిపోతే పదిసార్లు రాయమనకండి. రాసింది రాసినట్టే పైకి చదవమనండి. “గుడ్డివాడు” అనబోయి “గుడివాడు” అని చదివిన పిల్ల తనే నవ్వి దిద్దుకుంటుంది. ఎక్కాల్లో ఎక్కువగా తడబడేది ఏడు, ఎనిమిది దగ్గరే. వాటికి కుర్చీ బల్లా అక్కర్లేదు, బట్టలు మడతపెడుతూనో ఆటోలోనో అడగొచ్చు. వరుసగా కాకుండా ఎగరేసి అడిగితేనే వచ్చిందో లేదో తెలుస్తుంది.

టీఎంఏలు

ఒక్కో సబ్జెక్టు టీఎంఏలో ఆరు ప్రశ్నలు, 20 మార్కులు. మొదటి మూడూ రెండేసి మార్కులవి, తర్వాతి రెండూ నాలుగేసి, చివరిది ఆరు మార్కుల ప్రాజెక్టు. ఐదు సబ్జెక్టులకు కలిపి 30 జవాబులు. సోమవారం నుంచి శుక్రవారం దాకా రోజుకో సబ్జెక్టు, శనివారం స్కానింగు. గడువు శనివారమైతే లెక్కను ఒకరోజు ముందుకు జరపండి, చివరిరోజు సైటు నత్తనడక నడుస్తుంది.

ప్రశ్న నంబరుతో పాటు దాని కింద ఉన్న ‘ఎ’, ‘బి’లు చూసుకోవాలి. రెండిట్లో ఒకటి రాస్తే చాలు. తెలియక రెండూ రాసి గంటలు పోగొట్టుకునే పిల్లలున్నారు. ప్రశ్నపత్రం ఈ ఏడాదిదో కాదో కూడా చూడండి. నిరుటి ప్రశ్నలకు అందంగా రాసిన జవాబులకు విలువ లేదు.

ప్రతి రోజూ ప్రాజెక్టుతో మొదలెట్టాలి. రెండు మార్కుల జవాబులు ముందు రాస్తే పని అయిపోతున్నట్టు అనిపిస్తుంది, తీరా ప్రాజెక్టు దగ్గరికొచ్చేసరికి చెయ్యి నొప్పెడుతుంది. ఫోన్‌తో స్కాన్ చేసేటప్పుడు పగటి వెలుగులో, కిటికీ పక్కన, కాగితం మీద నీడ పడకుండా తీయండి. రంగుల్లో తీస్తే ఫైలు బరువెక్కి అప్‌లోడ్ కాకపోవచ్చు, యాప్‌లో బ్లాక్ అండ్ వైట్ పెట్టుకోండి. పేజీల వరుస సరిచూశాకే పీడీఎఫ్ చేయాలి. అప్‌లోడ్ అయ్యాక వచ్చే రసీదును స్క్రీన్‌షాట్ తీసి దాచుకోండి.

వంటింట్లో సైన్సు

పుస్తకం తెరిచే తీరిక లేని వారానికి ఇడ్లీ పిండి బంగారం. ఎలాగూ రుబ్బాలి కదా. కొలతలు పాప చేతికివ్వండి: ఒక గ్లాసు మినప్పప్పుకు రెండు గ్లాసుల ఇడ్లీ రవ్వ. డబ్బాలో పప్పు ముప్పావు గ్లాసే ఉంటే రవ్వ ఎంత? కాగితం మీద భిన్నాలంటే బెదిరే పిల్ల ఇక్కడ గ్లాసున్నర అని చెప్పేస్తుంది.

పప్పు నాలుగు గంటలు నానాలి. రాత్రి పడుకునే ముందు నానబెట్టి తెల్లవారగానే రుబ్బండి. మామూలుగా సాయంత్రం రుబ్బుతాం, కానీ అప్పుడు పొంగే వేళకు పిల్లలు నిద్రలో ఉంటారు, చూసేదేమీ ఉండదు. మూడు గాజు సీసాలు తీసుకోండి, సగం వరకే నింపండి. ఎక్కువ పోస్తే గట్టంతా తుడుచుకోవాలి. ఒకటి గట్టు మీద, రెండోది దుప్పటి చుట్టి బియ్యం డబ్బాలో. మూడోదాంట్లో పప్పు కలపకుండా నానిన రవ్వ మాత్రమే. బయట సెంటీమీటర్లు రాసిన కాగితం పట్టీ అంటించి రెండు గంటలకోసారి పాపతో ఎత్తు రాయించాలి. ఆ అంకెలతో బాబు గ్రాఫు గీస్తాడు.

జనవరి చలికి గట్టు మీదది 12 గంటలు దాటినా బద్ధకంగానే ఉంటుంది, డబ్బాలోది ముందు పొంగుతుంది. రవ్వ ఒక్కటే ఉన్నది పులిసినా పెద్దగా లేవదు. మినప్పప్పు మీద ఉండే బ్యాక్టీరియా పిండిని పులియబెట్టి కార్బన్ డయాక్సైడ్ వదులుతుంది, ఆ బుడగల్ని పట్టి ఉంచేది పప్పులోని జిగురు. ఆ జిగురు లేని రవ్వలో గాలి పైకొచ్చి పోతుంది. రాత్రికి మొదటి రెండు సీసాలూ ఇడ్లీ పాత్రలోకే.

ఒక పూట బయటికి

సాలార్‌జంగ్ మ్యూజియం పెట్టుకుంటే శుక్రవారం వద్దు, ఆ రోజు సెలవు. జూపార్కుకైతే సోమవారం సెలవు. మ్యూజియంలో అన్ని గదులూ చూపించాలని తాపత్రయపడితే గంటలో కాళ్లు పీకి గొడవలు మొదలవుతాయి. మూడు వస్తువులు చాలు. అందులో ఒకటి సంగీత గడియారం: గంట గంటకూ లోపలి నుంచి బొమ్మ వచ్చి గంట కొడుతుంది. 12 గంటలకైతే పన్నెండు దెబ్బలూ లెక్కపెట్టొచ్చు, 11.45కే వెళ్లి ముందు బెంచీల్లో చోటు చూసుకోండి. బొమ్మ గీసుకోవడానికి పాపకు ఒక పేజీ, పెన్సిలు ఇవ్వండి, ఇంటికొచ్చాక ఇక రాత అడక్కండి.

జ్వరం, కరెంటు కోత, చుట్టాలు

ఆ రోజుకు రెండు వేమన పద్యాలు, ఒక ఎక్కం, అమ్మమ్మతో కబుర్లు. అదీ చదువే. “బడికి పంపట్లేదా?” అని చుట్టాలు పిల్లలనే పట్టుకు అడుగుతారు. “ఇంట్లో చదువుకుంటున్నా, పరీక్ష ఓపెన్ స్కూల్లో రాస్తా” అని ఒక్క ముక్కలో చెప్పడం ముందే నేర్పండి. వాదన పెద్దవాళ్ల మధ్య ఉండాలి, పిల్లల ముందు కాదు.

రోజూ రాత్రి డైరీలో ఒక్క లైను రాయండి: తేదీ, ఏం చదివారు, ఎక్కడ ఆగారు. రాతపుస్తకం ఫోటో ఒకటి. రేపు ఏదైనా బడిలో చేర్చాల్సి వస్తే పిల్ల ఇంతవరకు ఏం చదివిందని అడుగుతారు, అప్పుడు ఈ డైరీయే చూపిస్తారు.

మళ్లీ ఆదివారం కాగితం తీసినప్పుడు మిగిలిపోయిన పనులన్నీ కొత్త వారానికి ఎక్కించకండి. గడువున్నవి మాత్రమే ఎక్కించి మిగతావి కొట్టేయండి. ఒకే పని మూడు వారాలు వరసగా మిగులుతుంటే దాని వేళ మార్చి చూడండి. అప్పటికీ కదలకపోతే పుస్తకం మార్చండి.